బట్టలు ఉతికేశారు, చూసినవాళ్లు లేరు. కేసు నిలుస్తుందా?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, చదివే మిగతావాళ్లకీ తెలుస్తుంది. మీ అప్పను, అంటే అక్కను, చీపురుపల్లి వైపు ఇచ్చారు. రెండేళ్లుగా భర్త తాగి కొడుతున్నాడు. పదహారు రోజుల కిందట భర్త ఇంట్లో లేనప్పుడు అతని అన్న, అంటే ఆమెకు బావగారు, ఆమెపై అత్యాచారం చేశాడు. భర్తకు చెబితే నోరు మూసుకోమని మళ్లీ కొట్టాడు. మూడో రోజున నరసన్నపేట దగ్గర కన్నవారింటికి వచ్చి అమ్మకు చెప్పింది. అమ్మ ఆ బట్టలు ఉతికేసింది. రెండు ఊళ్ల పెద్దలూ కూర్చుని ఒక కాగితం రాయించారు. చేతిలో ఉన్నవి నాలుగు: భర్త పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్, దెబ్బల ఫొటోలు, ప్రైవేటు క్లినిక్ చీటీ, పెద్దల కాగితం. ప్లీడరు గుమాస్తా ఒకాయన "కళ్లారా చూసినోడు లేడు, బట్టలు లేవు, ఈ కేసు నిలవదు" అన్నాడు. అది నిజమేనా అని మీ ప్రశ్న.

నిజం కాదు. అయితే ముందు ఒక పని చేయండి. ప్రశ్నతో పాటు పెట్టిన ఆడియో, అందులో వినిపించే ఊరి పేరు వెంటనే తీసేయండి. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టేలా ఏ వివరం బయటపెట్టినా భారతీయ న్యాయ సంహిత (పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన చట్టం) 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంది. మంచి ఉద్దేశంతో పెట్టిన తమ్ముడికి అందులో ప్రత్యేక మినహాయింపు లేదు.

ఇక గుమాస్తా గారి మాట. ఒక విషయం రుజువు చేయడానికి ఇంతమంది సాక్షులు కావాలన్న లెక్క మన చట్టంలో ఎప్పుడూ లేదు. పాత సాక్ష్య చట్టంలో 134, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 139 అదే చెబుతాయి. గుర్మీత్ సింగ్ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది: బాధితురాలి మాట నమ్మదగ్గదిగా ఉంటే దానికి మరో సాక్ష్యం తోడు అక్కర్లేదు, చిన్నచిన్న తేడాలు పట్టుకుని కేసు కొట్టేయకూడదు. నాలుగు గోడల మధ్య జరిగేదానికి చూసిన సాక్షి ఉండడని కోర్టులకు తెలుసు. కాబట్టి మీ అప్ప మాటే అసలు సాక్ష్యం. చీటీలు, ఫోన్లు, పెద్దలు అన్నీ ఆ మాటకు ఊతకర్రలు. ఇలాంటి కేసులు పోయేది సాక్ష్యం లేక కాదు, మొదటి రెండు మూడు వారాల్లో ఆ మాటను నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రాయించడం వల్ల.

అందుకే మొదటి ఫిర్యాదు గురించే ఎక్కువ చెబుతాను. స్టేషన్ ఎక్కడా అని వెతుక్కోవద్దు. నేరం విజయనగరం జిల్లాలో జరిగినా శ్రీకాకుళం జిల్లాలో మీకు దగ్గరి స్టేషన్‌లో ఇవ్వొచ్చు. వాళ్లు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి. నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 173వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. ఈ తరహా నేరంలో ఫిర్యాదు రాసుకోవలసింది మహిళా అధికారి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. భర్త పెట్టిన హింస సంగతికైతే, పుట్టింటికి వచ్చి తలదాచుకున్న చోట కూడా కేసు పెట్టొచ్చని రూపాలీ దేవి కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు, దానికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్. పోస్టు రసీదు పారేయొద్దు, ఆలస్యానికి అదీ ఒక జవాబు. "ముందు కౌన్సెలింగ్ చేద్దాం" అంటారేమో. భర్త హింస కేసులో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలుంది గానీ, అత్యాచారం ఫిర్యాదుకు ఆ వీలు లేదు. రెండూ ఒకే కాగితంలో ఉన్నప్పుడు ఈ తేడా గట్టిగా అడగండి.

ఫిర్యాదు ఎలా రాయాలి? "శారీరకంగా, మానసికంగా చిత్రహింసలకు గురిచేసి" అనే అచ్చు వాక్యాలు వద్దు. వాటిలో ఒక్క సంఘటన కూడా ఉండదు. ఆమె చెబుతుంటే ఆమె మాటల్లోనే రాయించండి. తేదీ గుర్తులేకపోతే ఊహించి వేయొద్దు. "సిరిమానోత్సవం వెళ్లిన వారం", "జీడిపిక్కలు ఏరే రోజుల్లో" అని రాస్తే చాలు. తప్పు తేదీ వేస్తే ఆ రోజు తాను విశాఖలో డ్యూటీలో ఉన్నానని అవతలివాడు హాజరు పట్టీ తెస్తాడు.

ఇంకో చిక్కు మన మాటతీరుది. మన వైపు ఆడవాళ్లు ఇలాంటి సంగతి నోటితో చెప్పలేక "చెయ్యి వేశాడు", "పాడు చేశాడు" అని ఊరుకుంటారు. స్టేషన్ రైటరు అదే రాస్తాడు. "చెయ్యి వేశాడు" అని రాస్తే అది న్యాయ సంహిత 74వ సెక్షన్, అంటే గౌరవభంగం కింద పోతుంది. ఆరు నెలల తర్వాత కోర్టులో అత్యాచారం అని చెబితే "ఎఫ్‌ఐఆర్‌లో ఈ మాట లేదు, ఇప్పుడు పెంచి చెబుతున్నారు" అని క్రాస్‌లో, అంటే అవతలి వకీలు ప్రశ్నలు వేసేటప్పుడు, పట్టుకుంటారు. ముఖ్యమైన సంగతి వదిలేయడం కూడా విరుద్ధంగా చెప్పడం కిందే లెక్క కావచ్చని సురక్షా సంహిత 181వ సెక్షన్ వివరణలోనే ఉంది. కాబట్టి జరిగింది ఏమిటో, ఎంతవరకో, సిగ్గుపడకుండా ఒక్కసారి పూర్తిగా చెప్పాలి. పక్కన మీరు గానీ నాన్న గానీ ఉంటే ఆమె చెప్పలేదు. అమ్మనో పిన్నినో కూర్చోబెట్టి మీరు బయటికి రండి.

ఆలస్యానికి కారణం ఫిర్యాదులోనే ఉండాలి: భర్త కొట్టాడు, మూడో రోజుకి గానీ ఇల్లు కదలలేకపోయింది, పెద్దలు ఆగమన్నారు. తర్వాత చెబితే వకీలు నేర్పించిన మాటలా వినిపిస్తుంది. అలాగే అత్త, మామ, ఆడపడుచు, ఆమె భర్త అని అందరి పేర్లూ గుదిగుచ్చకండి. ఎవరు ఏ రోజు ఏం చేశారో చెప్పలేని పేర్లను సుప్రీంకోర్టు 2022లో కహకషాన్ కౌసర్ కేసులో, 2024లో దారా లక్ష్మీనారాయణ కేసులో కొట్టేసింది. కట్టుకథలా కనిపించే నాలుగు పేర్లు నిజమైన రెండు పేర్లనూ ముంచేస్తాయి.

ఎఫ్‌ఐఆర్ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గర వాంగ్మూలం. పాత నంబరుతో అందరూ ఇంకా 164 అనే అంటారు, ఇప్పుడది 183. వీలైనంతవరకు మహిళా మేజిస్ట్రేట్ తీసుకోవాలి. లేకపోతే మరో మహిళ సమక్షంలో తీసుకోవాలి. ఆమె తన యాసలోనే చెప్పొచ్చు. చదివి వినిపించాక తప్పుంటే సంతకానికి ముందే దిద్దించాలి. సీతంపేట, కురుపాం వైపు సవర మాట్లాడే వాళ్లయితే ఎవరు అనువదించారో రికార్డులో ఉండేలా చూడాలి. అది లేకపోతే "ఆ మాట ఆమెది కాదు" అన్న వాదన తయారవుతుంది. ఒక భ్రమ వదులుకోండి: ఆ వాంగ్మూలం ఇచ్చేస్తే కేసు గెలిచినట్టు కాదు. కోర్టులో ఆమె చెప్పేదే సాక్ష్యం. 183 దాన్ని బలపరచడానికీ, తేడా వస్తే ప్రశ్నించడానికీ పనికొస్తుంది, అంతే. వైకల్యం ఉన్న బాధితురాలి విషయంలో మాత్రం అదే చీఫ్ ఎగ్జామినేషన్, అంటే కోర్టులో చెప్పే మొదటి సాక్ష్యం, అవుతుంది.

వైద్య పరీక్ష. పదహారు రోజులైంది కదా, ఎందుకని మానేయకండి. శరీరం నుంచి తీసే నమూనాలకు 96 గంటల దాకా అర్థం ఉంటుందని కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాలు చెబుతాయి. ఆ గడువు దాటింది, నిజమే. కానీ మానుతున్న గాయాలు, గర్భం, ఆమె మానసిక స్థితి, ఆమె డాక్టరుకు చెప్పిన కథనం ఇంకా రికార్డు కావాలి. సమాచారం అందిన 24 గంటల్లో పోలీసులు ఆమెను డాక్టరు దగ్గరికి పంపాలి, ఆమె సమ్మతి తప్పనిసరి. శ్రీకాకుళం రిమ్స్ కావచ్చు, విజయనగరం ఘోషా కావచ్చు, మరే ఆసుపత్రైనా కావచ్చు, ప్రైవేటుతో సహా, ఉచితంగా చికిత్స చేయకుండా పంపేస్తే అది నేరం. రెండు వేళ్ల పరీక్ష చేయకూడదు. చేసినవాళ్లది దుష్ప్రవర్తనే అవుతుందని 2022లో సుప్రీంకోర్టు అంది. గాయాలు లేవన్నంత మాత్రాన ఇష్టపడినట్టు కాదు. ఒంటితో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉన్నట్టు అనుకోకూడదని న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనే ఉంది.

మీ క్లినిక్ చీటీలో "జారి పడింది" అని ఉందన్నారు. ఇలాంటి చీటీని దాచేయడమే పెద్ద తప్పు, ఎందుకంటే అవతలి వకీలు దాన్ని ఎలాగూ తెప్పిస్తాడు. మీరే ముందుగా ఇవ్వండి. పక్కన భర్త నిలబడి ఉన్నాడు కాబట్టి అలా చెప్పిందని ఫిర్యాదులో ఒక్క వాక్యం రాయించండి. అప్పుడు అదే చీటీ గాయం ఉందన్నదానికి, భర్త పక్కన ఉన్నాడన్నదానికి, ఆమె భయానికి ఆధారమవుతుంది. చీటీ దానంతటదే మాట్లాడదు, రాసిన డాక్టరు కోర్టుకొచ్చి చెప్పాలి. చూసింది ఊళ్లో ఆర్‌ఎంపీ అయితే నిపుణుడి అభిప్రాయంగా అతని మాట చెల్లదు, కానీ "ఎడమ భుజం మీద కమిలిన దెబ్బ చూశాను" అని మామూలు సాక్షిగా చెప్పొచ్చు. ఇచ్ఛాపురం వైపు వాళ్లు బరంపురంలో చూపించుకుంటారు. అక్కడి డాక్టరును ఒడిశా నుంచి రప్పించడం కష్టమైతే వీడియో ద్వారా సాక్ష్యం తీసుకునే వీలు సురక్షా సంహితలో ఉందని పి.పి. (ప్రభుత్వం తరఫు ప్లీడరు) గారికి గుర్తు చేయండి.

ఉతికిన బట్టలు పారేయకండి. ఉతికిన గుడ్డ మీద కూడా కొన్నిసార్లు డీఎన్‌ఏ దొరుకుతుంది. ఇంకోసారి ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు. తడి లేకుండా నీడన ఆరబెట్టి, ఒక్కొక్కటి వేరే కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ నిలిచి బూజు పడుతుంది. పోలీసులు మధ్యవర్తుల సమక్షంలో స్వాధీనం చేసుకుని సీలు వేయాలి, ఆ స్వాధీనాన్ని వీడియో తీయాలి. అక్కడి నుంచి విశాఖ ప్రాంతీయ ల్యాబ్‌కు వెళ్లేదాకా ఎవరి చేతిలో ఎన్ని రోజులుంది, సీలు మీద అచ్చు అదేనా అన్న గొలుసు తెగకూడదు. ల్యాబ్ రిపోర్టు బాగున్నా మధ్యలో నాలుగు రోజులు ప్యాకెట్ ఎక్కడుందో చెప్పలేక ఓడిపోయే కేసులుంటాయి. అమ్మ ఉతికిందన్న సంగతి అమ్మే చెప్పాలి. ఏ తల్లైనా చేసే పనే అది, దాచితేనే అనుమానం.

వాయిస్ మెసేజ్ దగ్గరికి వద్దాం. "అన్న తప్పు చేశాడు, ఈ మాట బయటికొస్తే చంపేస్తా" అని భర్త గొంతు. మీరు దీన్నే పెద్ద ఆధారం అనుకుంటున్నారు. కాస్త ఆగండి. భర్త ఒప్పుకున్న మాట భర్తకే చుట్టుకుంటుంది. అతను ఆ గదిలో లేడు కాబట్టి అన్న మీద నేరం రుజువు చేయడానికి ఆ మాట దాదాపు పనికిరాదు. దాని అసలు విలువ రెండు చోట్ల ఉంది: భర్త బెదిరించాడన్నదానికి, ఆమె పదహారు రోజులు ఎందుకు ఆగిందన్నదానికి. ఆలస్యం గురించి క్రాస్‌లో వచ్చే ప్రతి ప్రశ్నకూ జవాబు ఆ ఒక్క ఆడియోలో ఉంది. పి.పి. గారికి ఇది ఈ కోణంలోనే వివరించండి.

భార్యాభర్తల మధ్య మాట కదా, చెల్లదు అంటారు. సాక్ష్య అధినియం 128 ఆ రహస్యాన్ని కాపాడుతుంది గానీ, ఒకరి మీద ఒకరు చేసిన నేరం విచారణలో ఆ రక్షణ లేదు. భర్త హింస కేసులో నిక్షేపంగా వాడొచ్చు. అన్న మీద అత్యాచారం కేసు విడిగా నడిస్తే మాత్రం ఈ అభ్యంతరం వస్తుంది, రెండూ ఒకే సంఘటనల వరుసగా ఒకే ఛార్జిషీటులో ఉండేలా అడగడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు ఫోన్. మీ ఫోన్‌కు ఫార్వర్డ్ చేసుకున్నది నకలు. అసలు ఉన్నది అప్ప ఫోన్‌లో. అది పిల్లల చేతిలో ఆటలకిచ్చారని రాశారు, వెంటనే తీసుకోండి. డిసపియరింగ్ మెసేజెస్ ఆపండి, క్లీనర్ యాప్‌లు తీసేయండి, ఫోన్ రీసెట్ చేయొద్దు, ఆడియోలో ముందూ వెనకా కత్తిరించొద్దు. ఆ సిమ్‌కు రీఛార్జి మానొద్దు, నంబరు రద్దయి ఇంకొకరికి వెళ్తే వాట్సాప్ ఖాతా కూడా పోతుంది. దెబ్బల ఫొటోలు కూడా గ్యాలరీలో ఉన్న అసలువే ఉంచండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకు తీసిన తేదీ, సమయం వివరాలు ఉండవు.

అసలు ఫోనే కోర్టు ముందు పెట్టి, అది నాదే, ఈ మెసేజ్ దీనికే వచ్చింది అని ఆమె బోనులో చెబితే అది ప్రాథమిక సాక్ష్యం. పెన్‌డ్రైవ్‌లో గానీ ప్రింటు తీసి గానీ ఇస్తే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ తప్పనిసరి. పాత 65-బి కి కొత్త రూపం ఇది. రెండు భాగాలుంటాయి. ఎ భాగం ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు నింపాలి: కంపెనీ, మోడల్, రంగు, ఐఎంఈఐ నంబరు, ఫైలు హాష్ విలువ. బి భాగం నిపుణుడు నింపాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క సెకను కత్తిరించినా మారిపోతుంది. పాత నమూనాలో ఒకే సంతకంతో ఇచ్చేసి, బి భాగం లేదని విచారణలో అభ్యంతరం రావడం ఇప్పుడు మామూలే. సర్టిఫికెట్ లేకుండా నకలు చెల్లదని 2020లో అర్జున్ పండిత్‌రావు తీర్పు. విచారణ ముగియకముందు కోర్టు అనుమతితో తర్వాత ఇవ్వొచ్చని కూడా అదే తీర్పు. ఆ గొంతు భర్తదేనని మీ అప్ప గుర్తుపట్టి చెప్పొచ్చు. అతను కాదంటే గొంతు నమూనా ఇమ్మని మేజిస్ట్రేట్ ఆదేశించొచ్చు. రికార్డు మార్క్ అవడం, అంటే కోర్టు దాన్ని సాక్ష్యంగా చేర్చుకోవడం వేరు, జడ్జి దాన్ని నమ్మడం వేరు. మొదటిది కాగితాల పని, రెండోది గొంతు, సందర్భం, మిగతా సాక్ష్యంతో పొందిక.

అమ్మ సాక్ష్యాన్ని "చెప్పుడు మాట" అని తోసేస్తారని భయపడుతున్నారు. కూతురు ఇంటికొచ్చిన తొలి గంటలో ఏ స్థితిలో ఉంది, ఏ మాటలతో చెప్పింది అన్నవి అమ్మ కళ్లతో చూసినవి, చెవులతో విన్నవి. నేరం జరిగిందనడానికి అది నేరుగా రుజువు కాదు, కానీ దొరికిన తొలి అవకాశంలోనే చెప్పిందనడానికి రుజువు. అధినియం 6, 160 సెక్షన్లు దానికి చోటిస్తాయి. చిక్కేమిటంటే అమ్మ పోలీసు వాంగ్మూలం "నా కుమార్తె జరిగిన విషయం నాకు తెలిపినది" అని ఒక్క ముక్కలో ముగిసిపోతుంది. ఏం తెలిపిందో అందులో రాయించండి. పక్కింటివాళ్లు కేక విన్నారా, తర్వాత ఊళ్లో విన్నారా అన్నదీ విడదీయాలి. మొదటిది సాక్ష్యం, రెండోది కాదు.

ఇదే, ఆడపిల్ల చనిపోయి ఉంటే లెక్క మారుతుంది. తన చావుకు దారితీసిన పరిస్థితుల గురించి ఆమె అన్నవి, రాసినవి, పంపినవి అధినియం 26 కింద నేరుగా సాక్ష్యమవుతాయి. 1939లో అప్పటి పై కోర్టు, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, ఈ సంగతి తేల్చిన పాకాల నారాయణస్వామి కేసు మన రైలు మార్గానిదే: బరంపురం వెళ్తున్నానని పిఠాపురంలో భార్యతో చెప్పి బయల్దేరి, హత్యకు గురైన మనిషి మాట అది. కూతుళ్లను పోగొట్టుకున్న ఇళ్లలో పాత ఫోన్లు అమ్మేయొద్దని చెప్పేది ఇందుకే.

పెద్దల కాగితం. స్టాంపు లేదు, చెల్లదంటున్నారట. స్టాంపు లేకపోవడం క్రిమినల్ కోర్టులో అడ్డు కాదు. "ఇకపై కొట్టను" అని భర్త పెద్దల ముందు సంతకం పెడితే అది అతని ఒప్పుకోలు. అదే మాట స్టేషన్‌లో ఎస్సై ముందు రాసిచ్చి ఉంటే నేరాంగీకారంగా పనికిరాదు, పోలీసులకు చెప్పిన ఒప్పుకోలును అధినియం 23వ సెక్షన్ అడ్డుకుంటుంది. చాలామంది స్టేషన్ కాగితమే బలమైనదనుకుంటారు, ఇక్కడ తిరగబడింది. మీ కాగితంలో బావగారి సంతకం ఉందా చూడండి. లేకపోతే "మా అన్న ఆ ఇంటికి రాడు" అన్న వాక్యం అన్నను పట్టుకోదు. "అపోహల వల్ల" అన్న మాట ఉండి, కింద అప్ప వేలిముద్ర ఉంటే అది మీకు ఎదురు తిరుగుతుంది. చదివి వినిపించారా, ఎవరెవరు కూర్చున్నారు అన్నది ఫిర్యాదులో చెప్పాలి. పెద్దల్లో ఒకరిద్దరు బోనులో మాట మార్చేస్తారు, సిద్ధంగా ఉండండి. సాక్షి ఎదురు తిరిగినా అతను చెప్పినదంతా చెత్తబుట్టలోకి పోదు, నమ్మదగ్గ భాగం కోర్టు తీసుకోవచ్చు. ఇక అత్యాచారం కేసు రాజీ పడదగ్గది కాదు, డబ్బుకు పెద్దలు ఏం రాయించినా.

కోర్టులో ఒక అనుకూలత ఉంది. బంధువు చేసిన అత్యాచారం న్యాయ సంహిత 64(2) కిందికి వస్తుంది, కనీసం పదేళ్లు. అక్కడ లైంగిక చర్య జరిగిందని తేలి, తనకు ఇష్టం లేదని ఆమె సాక్ష్యంలో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించి తీరాలి. అధినియం 120. అది తప్పని చూపే భారం అవతలివాడిది. సమ్మతి ప్రశ్నలో ఆమె పాత సంబంధాల గురించి, నడవడిక గురించి అడగడానికి అధినియం 48, 149 సెక్షన్లు ఒప్పుకోవు. అయినా అడుగుతారు. పి.పి. వెంటనే లేచి అభ్యంతరం చెప్పాలి, లేకపోతే ప్రశ్న, జవాబు రెండూ రికార్డులోకి ఎక్కేస్తాయి. విచారణ మూసిన తలుపుల వెనకే జరగాలి.

గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోసం పిటిషన్ కూడా వేయండి, రక్షణాధికారి రిపోర్టుతో. ఆ ఉత్తర్వును భర్త ఉల్లంఘిస్తే ఆమె ఒక్కదాని సాక్ష్యంతోనే నేరం తేల్చొచ్చని 32(2) చెబుతుంది. కానీ ఆ పిటిషన్, ఎఫ్‌ఐఆర్, రేపు వేయబోయే విడాకుల కాగితం మూడూ ముగ్గురు ప్లీడర్లు మూడు రకాలుగా రాస్తే, క్రాస్‌లో వాటిని పక్కపక్కన పెట్టి ఆమెను గంటసేపు నిలబెడతారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ముందు పెట్టుకోకుండా ఏ పిటిషన్ మీదా సంతకం పెట్టనివ్వకండి. ప్లీడరు ఖర్చు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం, ఫోన్ 15100. రెండేళ్ల దెబ్బల్లో 2024 జూలై 1కి ముందువి ఏమైనా ఉంటే వాటికి పాత శిక్షాస్మృతి 498-ఎ, తర్వాతివాటికి న్యాయ సంహిత 85. ఫిర్యాదులో ఏ దెబ్బ ఆ తేదీకి ముందుదో, ఏది తర్వాతదో విడివిడిగా రాయించండి.